కంచెలోని కిత్తలి, గ్లాసులోని బుడగ

మెట్టపొలముల గట్లమీదను, రైలుపట్టాల ప్రక్కలను, పశువులు చొరబడకుండ వేసిన కంచెలలోను కిత్తలి మొక్కను చూడని తెలుగువాడుండడు. బూడిదరంగు కలిసిన ఆకుపచ్చ మట్టలు, అంచులకు వంకరముండ్లు, కొనకు గోరంత సూది - ఇదియే దాని స్వరూపము. కొన్నియెడల దీనిని రాకాసిమట్ట యందురు. ఆ పేరు పెట్టినవాని చేతులు ముందుగా గీరుకొనియుండును. దాని మట్టలనుండి నార తీసి మోకులు పేనుట మనవారెరుగుదురు. తుమ్మముల్లుతో ఆ మట్టపై తన పేరు చెక్కని బడిపిల్లవాడు నా చిన్ననాట మా వడ్డాది ప్రాంతమున అరుదు. చెక్కిన పేరు మట్ట యెండిపోవువరకు చెరగదు. పరీక్ష తప్పినవాని పేరైనను సరే. ఇంతకుమించి ఆ మొక్కతో మనకు చుట్టరికము లేదు.

ఇంత మనదిగా కనిపించు ఈ కిత్తలి మనది కాదు. దాని పుట్టినిల్లు మెక్సికో దేశము. అచ్చట దాని తోబుట్టువైన వేరొక జాతినుండియే టెకీలా యను మద్యమును తీయుదురు. ఆ పేరు నేడు మన పట్టణపు విద్యార్థులకు చలనచిత్రములవలనను, విదేశములకు పోయిన అన్నదమ్ముల మాటలవలనను చెవినబడుచున్నది. అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్న నా పూర్వవిద్యార్థి యొకడు సెలవులకు వచ్చినపుడు ఈ ప్రసంగము మా నడుమ వచ్చినది. అచ్చట వారాంతపు విందులలో బుడగలు లేచు టెకీలా పానీయమొకదానిని ఇండ్లలోనే కలుపుకొందురట. దానికి పాలోమా యని పేరు. స్పానిషు భాషలో ఆ మాటకు పావురమని అర్థము.

“అందులో ఏముంటుందో చెబితే మీరు నవ్వుతారు మాస్టారూ. అంతా మన పెరట్లోదే,” అన్నాడు.

“మన పెరట్లో టెకీలా కూడా కాస్తున్నదా నాయనా?” అన్నాను.

“అది కంచెలో ఉంది కదండీ!”

మాటలో చమత్కారమున్నది. సత్యమెంత యున్నదో విచారింపవలెనని నాకు తోచినది. ఆ గ్లాసులో ఉండునవి నాలుగే: సుమారు 60 మిల్లీలీటర్ల టెకీలా, ఒక చెంచాడు నిమ్మరసము, చిటికెడు ఉప్పు, తక్కినదంతయు గ్రేప్‌ఫ్రూట్ అను పండు రుచిగల సోడా. గ్లాసు అంచుకు ఉప్పు అద్దుట వాడుక. నిమ్మకును ఉప్పునకును పరిచయవాక్యములు అక్కరలేదు. మిగిలిన మూడింటిని - కిత్తలిని, పండును, బుడగను - విడివిడిగా చూడవలసియున్నది. మన రాష్ట్రమున 21 ఏండ్లు నిండనివానికి మద్యము అమ్మరాదు. ఈ పుటను చదువు విద్యార్థులలో పెక్కుమంది అంతకు చిన్నవారు. కావున త్రాగుట నేర్పుట నా పని కాదు. ఒక వస్తువు పేరు ఊరూర మ్రోగుచున్నపుడు ఆ పేరు వెనుక ఏమున్నదో తెలిసికొనుట మాత్రము చదువులోని భాగమే.

మొదట కిత్తలి. మన కంచెలలోనిది శాస్త్రజ్ఞులు అగేవ్ అమెరికానా అను జాతి. టెకీలాకు పనికివచ్చునది నీలి అగేవ్. రెండును ఒక కుటుంబమువే గాని ఒకటి కాదు. నీలి అగేవ్‌ను నాటి, ఆరేడేండ్లు పెంచి, మట్టలన్నిటిని నరికివేయగా నడుమ ఒక మొద్దు మిగులును. అది పెద్ద అనాసపండువలె నుండును. అచ్చటి రైతులు దానిని ఆ పేరుతోనే పిలుతురు. చెరకులోవలె ఆ మొద్దులో తీపి నేరుగా నుండదు. చక్కెర కణములు పొడవైన గొలుసులుగా అల్లుకొని, నాలుకకు చిక్కని రూపమున నుండును. గంటల తరబడి ఆవిరిమీద ఉడికించినగాని ఆ గొలుసులు తెగవు, తీపి దిగదు. ఉడికినదానిని దంచి, రసము తీసి, పులియబెట్టి, రెండుమారులు బట్టీలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టినది టెకీలా.

బట్టీ మాట వచ్చినది గనుక ఒక శబ్దవిశేషము చెప్పక మానలేను. అరబ్బీ భాషలో అరక్ అనగా చెమట. బట్టీమూతకు ఆవిరి చెమటవలె పట్టి, బొట్టుబొట్టుగా జారును గనుక కాచిన మద్యమునకు ఆ పేరు వచ్చినది. ఆంగ్లేయులు మన సారాను అరాక్ అని తమ కాగితములలో వ్రాసికొన్నది ఈ మాటనుబట్టియే. త్రాగువాని యింట చెమటోడ్చునది ఎవరో ఆ మాట చేసినవారికి తెలియదు కాబోలు.

ఈ బట్టీవిద్య స్పెయిను దేశీయులతో వ్యాపింపకపూర్వమే మెక్సికోవారు అగేవ్ నడిబొడ్డున గుంట తొలిచి, అందులో ఊరిన తీపినీటిని పులియబెట్టి త్రాగుచుండిరి. దాని పేరు పుల్కే. అది సాక్షాత్తు మన కల్లునకు సహోదరి. తాటిగెలను గీసి కుండ కట్టు గీతకాని పనియు, కిత్తలి మొవ్వును తొలుచువాని పనియు ఒకటియే: పూవుకొరకు చెట్టు కూడబెట్టుకొన్న తీపిని దారి మళ్ళించుట. కిత్తలి తన జీవితకాలమున ఒకేమారు పూయును. కొన్నేండ్లపాటు మట్టలలో బలము దాచుకొని, ఒక్కుమ్మడిగా స్తంభమువంటి కాడను నింగికెత్తి, పూచి, పిమ్మట చనిపోవును. నూరేండ్లకొకసారి పూయునని భ్రమించి ఆంగ్లేయులు దీనికి శతాబ్దిమొక్క యని పేరు పెట్టిరి. వాస్తవమునకు సాధారణముగ పది మొదలు ముప్పది ఏండ్ల లోపుననే పూచును. శ్రీతాళపత్రములపై గ్రంథములు వ్రాసికొన్న మన జాతికి ఇది వింత కాదు. ఆ శ్రీతాళవృక్షము కూడ ఒకేమారు పూచి మరణించునదే.

మరి మన కంచెకిత్తలినుండి ఇట్టి మద్యము తీయవచ్చునా? తీసినవారున్నారు. డెస్మండ్ నజరెత్ అను నాతడు దక్కను పీఠభూమిలో దానంతటది పెరుగు అగేవ్ అమెరికానాను సేకరింపజేసి, నాటి చిత్తూరు జిల్లాలో చిన్న బట్టీశాల నెలకొల్పి, 2011లో ఆ సరకును అంగడికి తెచ్చెను. ముండ్లకేగాని మరి దేనికిని కొరగాదనుకొన్న మొక్కకు వెల పలికినది. అయినను ఆ సీసాపై టెకీలా యను మాట వ్రాయుటకు వీలు లేదు. 1974లో మెక్సికో ప్రభుత్వము ఆ పేరును తన దేశపు సొత్తుగా ప్రకటించుకొన్నది. హలిస్కో రాష్ట్రమునను, మరి నాలుగు రాష్ట్రములలోని కొన్ని నిర్ణీత ప్రాంతములలోను, నీలి అగేవ్ ఆధారముగ తీసినది మాత్రమే టెకీలా. నిజమునకు టెకీలా యనునది హలిస్కోలోని ఒక ఊరి పేరు. ఊరిపేరు సరకుపేరై, సరకుపేరు చట్టమువలన ఆస్తియైనది. మన బంగినపల్లి మామిడికిని బందరు లడ్డునకును 2017లోను, ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను లభించిన భౌగోళిక గుర్తింపు ఇట్టిదే. వ్యాకరణములో సంజ్ఞావాచకమును బోధించు ఉపాధ్యాయులు ఈ ఉదాహరణమును వాడుకొనవచ్చును. సంజ్ఞావాచకమునకు ఇంత ధర యుండునని పిల్లలకు తెలియదు.

కావున మా శిష్యుని మాటలో ఈ భాగము సగమే సత్యము. కంచెలోనున్నది టెకీలా తోబుట్టువే గాని టెకీలా కాదు. విద్యార్థులలో సాహసికులుందురు గనుక ఇంకొక మాట. పచ్చి కిత్తలిమట్టలో సూదులవంటి సూక్ష్మస్ఫటికములుండును. ఆ రసము తగిలినచోట చర్మము దురదలెత్తి పొక్కును. చాటుబట్టీలలో తీసిన సారాలో మిథైలు ఆల్కహాలు చేరినచో చూపు పోవును, ప్రాణమును పోవును. పైగా ఇంట మద్యము తీయుట చట్టరీత్యా నేరము.

ఇప్పుడు నేరము. ఒకప్పుడు కాదు. ఇంట చేసికొను పానీయమను మాట మన కొండలలో ఎంత నెత్తురునకు కారణమైనదో తెలిసికొన్నవారు, గ్లాసును చేతబట్టినను బట్టకున్నను, దానివంక కొంచెము తీరికగా చూతురు.

1879 మార్చిలో గోదావరి మన్యమున రంప ప్రాంతపు ప్రజలు తిరుగబడిరి. కారణములు పెక్కు; వానిలో ముఖ్యమైనది కల్లు. తమ చెట్లనుండి ఇంటివాడుకకై కల్లు తీసికొనుట వారికి తాతముత్తాతలనాటి అలవాటు. తిండిగింజలు తరిగిన మాసములలో అదియే వారికి ఆహారమును. రంప మన్సబుదారు దానిపై చిగురుపన్ను వసూలు చేయుచుండెను. ఆపైన మదరాసు ప్రభుత్వపు ఆబ్కారీ నిబంధనలు వచ్చి, ఇంటివాడుకకు కూడ స్వేచ్ఛగా కల్లు తీయరాదనినవి. కల్లుపై హక్కు గుత్తదారుల పాలైనది. చెట్టు మాది, ఎక్కిన కాలు మాది, గీసిన కత్తి మాది. నడుమ ఈ గుత్తదారుడెవ్వడని కొండవారు అడిగిరి. కారం తమ్మన్నదొర మొదలగువారు నాయకులైరి. అనతికాలములోనే ఆ మంట మా విశాఖపట్టణపు జిల్లా గొలుగొండ కొండలకును, ఆవల భద్రాచలము వైపు రేకపల్లికిని ప్రాకినది. దానిని అణచుటకు మదరాసు ప్రభుత్వము సైన్యములను పంపవలసివచ్చెను.

నలుబదిమూడేండ్ల పిమ్మట, 1922లో, అవే కొండలలో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటు లేవదీసెను. అంతకు ముందునుండియే ఆయన మన్యప్రజలకు త్రాగుడు మానుడని, తగవులు తామే పంచాయతీలలో తీర్చుకొనుడని బోధించుచుండెను. తాతలు కల్లు తీయు హక్కునకై పోరిరి. మనుమలు కల్లు మానుటలో బలమున్నదని వినిరి. ఈ రెండింటికిని చుక్కెదురని తొందరపడి యనరాదు. రెండుచోట్లను ప్రశ్న యొకటియే: కుండ ఎవరిది, పగ్గము ఎవరి చేతిది?

ఆ ప్రశ్నను 1992లో మరల అడిగినవారు నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు. ఉపాధ్యాయులు దీనిని ప్రత్యేకముగ గుర్తుంచుకొనదగును. ఏలయన ఈ ఉద్యమము సభలో పుట్టలేదు, పాఠములో పుట్టినది. అక్షరాస్యతా కార్యక్రమపు రాత్రిబడిలో పలక పట్టిన స్త్రీలు, సారావలన కూలిపోయిన ఒక కాపురము కథను తమ పుస్తకములో కూడబలుకుకొని చదివిరి. చదివి ఊరకుండలేదు. దూబగుంట రోశమ్మ మొదలైనవారు ముందునడువగా ఊరి సారాదుకాణము మూతపడినది. ఆ గాలి జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారా నిషేధింపబడినది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది, 1997లో సడలినది. ప్రభుత్వపు ఆదాయము ఒకవంక, ఇంటి ఆదాయము ఒకవంక నిలిచిన తూకములో ముల్లు ఎటు మొగ్గినదో వేరుగ చెప్పనక్కరలేదు. ఒక పాఠ్యపుస్తకపు కథ ఇంత పని చేసిన సందర్భము మన విద్యాచరిత్రలో నాకు మరియొకటి తోచదు.

మా ప్రాంతమున ఈ కథకు వేరొక కొమ్మ యున్నది: అది బెల్లము. ఒకనాడు ఒడ్డాది మత్స్యరాజులకు రాజధానియైన మా వడ్డాది, 2022 వరకు విశాఖపట్టణము జిల్లాలోనుండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. అనకాపల్లి బెల్లపు బజారు దేశములోని పెద్ద బెల్లపు బజారులలో నొకటి. చలికాలమున గానుగాట సాగుచుండగా పెనములో మరుగు చెరకుపాలవాసన దారినపోవువానిని నిలబెట్టును. ఆ దిమ్మయే శ్రీరామనవమికి పానకమగును. ఆ దిమ్మయే ఎచ్చటనో పొదలచాటున పీపాలో పులిసి బెల్లపు ఊటయగును. ఎక్సైజువారు ఊటను పారబోసిన వార్త పత్రికలో కనిపించినపుడెల్ల చెరకురైతు మనసు చివుక్కుమనును. అతడు వండినది తీపి. దానిని పులియబెట్టినవాడు వేరొకడు. సరకుమీద మాత్రము అనుమానము నిలిచిపోయినది.

ఇక బుడగ. పులిసిన ప్రతిదానిలోను బుడగ యుండును. తీపిని తిను సూక్ష్మజీవులు ఒకచేత ఆల్కహాలును, ఒకచేత బొగ్గుపులుసు వాయువును విడుచును. కల్లుకుండ మూతిపై నిలుచు నురుగు ఆ వాయువే. దోసెపిండి రాత్రికి రాత్రి పొంగుటకును ముఖ్యకారణము అట్టి సూక్ష్మజీవులు విడుచు ఆ వాయువే. వేల యేండ్లపాటు మానవుడు బుడగను కోరినచో, పులిసినదానినే త్రాగవలసియుండెను. లేదా భూమిలోనుండి దానంతటది పొంగు ఖనిజజలపు ఊటలను వెదకుకొని పోవలసియుండెను.

ఈ ముడిని విప్పినవాడు జోసెఫ్ ప్రీస్ట్లీ. ఆయన మతబోధకుడు, బడిపంతులు పని కూడ చేసినవాడు, మీదుమిక్కిలి రసాయన శాస్త్రజ్ఞుడు. 1767లో ఇంగ్లండు దేశపు లీడ్సు పట్టణమున ఆయన యిల్లు ఒక బీరు కర్మాగారము ప్రక్కనుండెను. పులియుచున్న తొట్లపై ఒక వాయువు దట్టముగా నిలిచియుండుటయు, అందులో ముంచిన కొవ్వొత్తి ఆరిపోవుటయు ఆయన గమనించెను. ఆ వాయువులో నీటిని ఒక పాత్రనుండి మరియొక పాత్రలోనికి పలుమారులు తిరగబోయగా, నీరు నాలుకపై చురుక్కుమను కొత్తరుచిని పొందినది. తరువాత సుద్దపైన ఆమ్లము పోసి ఆ వాయువును తయారుచేసి నీటికెక్కించు విధమును కనుగొని, 1772లో చిన్నపుస్తకముగ అచ్చువేసెను. వ్యాపారము సంగతి ఆయనకు పట్టలేదు. అది పదునొకండేండ్ల పిదప జెనీవాలో ష్వెప్ అను గడియారపు పనివానికి పట్టినది. నా దృష్టిలో ప్రీస్ట్లీ చేసిన గొప్పపని రుచిని కనుగొనుట కాదు. మద్యపు తొట్టిపై తేలుచున్న బుడగను మద్యము నంటకుండ విడదీసి నీటికి అప్పగించుట. గ్లాసులో మిలమిలలాడి కుర్రవాని కన్నును లాగునది ఆ బుడగయే గదా. దానికి మత్తుతో పుట్టుకవలన చుట్టరికమున్నదేగాని నేడు పొత్తు అక్కరలేదు.

ఆ బుడగ మన పల్లెకు గోలీసోడా రూపమున వచ్చినది. హైరమ్ కాడ్ అను ఆంగ్లేయ ఇంజనీరు 1872లో ఆ సీసాకు హక్కుపత్రము పొందెను. మెడలో నొక్కు, లోపల గాజుగోలీ, మూతిలో రబ్బరు వలయము - ఇంతే యంత్రము. సీసాను తలక్రిందులుగ నుంచి వాయువును నింపినపుడు గోలీ జారి మూతిలో పడును. నిలబెట్టిన పిదప లోపలి ఒత్తిడియే దానిని పైకి అదిమిపట్టును. తలుపునకు కాపలాగా లోపలివానినే నిలిపినట్లున్న ఈ యుక్తి ఎంత చదువుకొన్నను నాకు ముచ్చట గొలుపును. పుట్టినదేశమున ఆ సీసా ఏనాడో మూలబడినది. మన బస్సునిలయముల వద్దను, తిరునాళ్ళలోను నేటికిని కీచుమని పలుకుచున్నది. మన భాషలోనికి కూడ అది చొరబడినది. మందపు కళ్ళజోడు సోడాబుడ్డి కళ్ళజోడైనది. ఎన్నికల తగవులలో ఆ బుడ్లు ఎగిరిన దినములను నా యీడువారు మరవలేదు.

విజ్ఞానశాస్త్రోపాధ్యాయులు ఒక్కమాట సహింతురుగాక. నీటిలో వాయువు కరుగుట దానిపైనున్న ఒత్తిడినిబట్టి యుండునని విలియం హెన్రీ 1803లో నిరూపించెను. చలియు దానికి తోడుపడును. సున్న డిగ్రీల చల్లదనమున లీటరు నీరు సుమారు 1.7 లీటర్ల బొగ్గుపులుసు వాయువును ఇముడ్చుకొనును. 30 డిగ్రీల వద్ద అందులో సగమైనను నిలువదు. వేసవిలో ఎండకు పెట్టిన సోడా కొట్టగానే సగము నేలపాలగుటకు కారణమిదియే.

చివరకు పండు. గ్రేప్‌ఫ్రూట్ అను పేరు వినగానే ద్రాక్ష యని పలువురు పొరబడుదురు. అది నిమ్మజాతి పండు; గుత్తులుగా వ్రేలాడును గనుక ద్రాక్షపేరు తగిలినది. పదునెనిమిదవ శతాబ్దమున వెస్టిండీసులోని బార్బడోసు ద్వీపమున రెండు వలసపండ్ల కలయికవలన అది పుట్టినది. ఆ తల్లిదండ్రులెవరనగా: ఒకటి వినాయకచవితికి పాలవెల్లికి కట్టు మన పంపరపనస, రెండవది తీపినారింజ, మన బత్తాయి ఆ జాతిదే. శిష్యుడు పెరడు అన్నమాట ఈ చోట నూటికి నూరుపాళ్ళు నిలిచినది. బిడ్డ అమెరికాలో ప్రసిద్ధికెక్కినది. తల్లిదండ్రులు మన బజారులో బుట్టలలో కూర్చున్నారు.

ఆ వంశవృక్షమును నమ్మియే ఈ దిగువ విధమును చెప్పుచున్నాను. మద్యమును తీసివేసి, దాని చోట ఏమి వేయవలెనన్న ప్రశ్నకు నా సమాధానము బెల్లము, మిరియము. అగేవ్ మొద్దును ఉడికించినపుడు వచ్చు కమ్మని మాగినవాసనకు పొయ్యిమీద పుట్టిన బెల్లమే కొంతవరకు సాటి రాగలదు, పంచదార రాదు. గొంతులో తగులు ఘాటును మిరియము తీర్చును.

రెండు గ్లాసులకు 50 గ్రాముల బెల్లమును అంతే నీటిలో కరిగించి, రెండు మిరియములు దంచివేసి, ఒక్క పొంగు రానిచ్చి, పలుచని గుడ్డలో వడగట్టి పూర్తిగ చల్లార్చవలెను. పచ్చగా మెరయు బెల్లమునకు ఆశపడరాదు. రంగుకొరకు హైడ్రోసు కలుపు అలవాటు కలదు. ముదురు గోధుమవన్నె దిమ్మయే మేలు. పంపరపనసను ఒలిచి, తొనల మీది తెల్లని పొరను ఓపికతో తీసివేయవలెను. చేదంతయు ముఖ్యముగ ఆ పొరలో నుండును. యంత్రములో వేసి త్రిప్పినచో పొరయు నలిగి పానీయము కషాయమగును. చేతితో పిండినదే రుచి. ఆ రసము మూడుపాళ్ళు, బత్తాయిరసము ఒకపాలు చేర్చి, మొత్తము 200 మిల్లీలీటర్లు కావించి, రెండు పెద్దచెంచాల నిమ్మరసము, మూడు పెద్దచెంచాల బెల్లపుపాకము, చిటికెడు ఉప్పు కలిపి, గంటసేపు చల్లని చోట నుంచవలెను. ఉప్పును మానరాదు. అది తీపిని పెంచుటకు గాదు, చేదును అణచుటకు. పంపరపనసను ఉప్పుకారములతో తిను మన పిల్లలకు ఈ సూత్రము ఎవరును నేర్పలేదు. కొలెస్టరాలునకు, రక్తపుపోటునకు మాత్రలు వాడు పెద్దలు గ్రేప్‌ఫ్రూట్‌నుగాని పంపరపనసనుగాని పుచ్చుకొనుటకు ముందు వైద్యునడుగుట మంచిది. కొన్ని మందుల బలమును ఈ పండ్లు హెచ్చించును.

పులుపు, తీపి, చేదు, ఉప్పు, ఘాటు - ఐదు లెక్కకు వచ్చినవి. ఆంగ్లములో విందుపానీయమునకుగల పంచ్ అను పేరు మన పంచశబ్దమునుండి పోయినదేయని పలువురు నిఘంటుకారుల యూహ. అది నిజమైనచో ఈ పానీయము ఇంటికి తిరిగివచ్చిన ఆడుబిడ్డ వంటిది.

సోడాను కడపట పోయవలెను. మొదట పోసి పైని రసము కలిపినచో, గరిటె తిరుగుటకే బుడగలన్నియు లేచిపోవును. గ్లాసు అంచులో సగముమేర నిమ్మచెక్కతో తడిపి ఉప్పు అద్ది, చల్లని రసమును సగమువరకు పోసి, గ్లాసును కొంచెము వాల్చి, గోడవెంబడి సోడాను మెల్లగా జారవిడువవలెను. ఒక్కమారు క్రిందినుండి పైకి చెంచాతో ఎత్తినచో చాలును. సోడా దొరకనిచోట వంటసోడా చిటికెడు నిమ్మరసములో వేసి పొంగించువారున్నారు. బడిలో పిల్లలకు చూపుటకు అది మంచి ప్రయోగమే. నాలుకకు మాత్రము సబ్బునీటి జాడ మిగులును.

తీయని సోడానే కొనవలెను, రంగుసోడా పనికిరాదు. ఒక బుడ్డి రెండు గ్లాసులకు సరిపోవును. మూడవ గ్లాసు కావలసినచో తెరచిపెట్టిన బుడ్డిలో మిగిలినది వాడక కొత్తది కొట్టుడు. కొట్టునపుడు సీసాను బల్లపై నిలిపి, మూతిని ముఖమునకు ఎడముగ నుంచి, గోలీని ఒక్క నొక్కున లోపలికి దింపి, నురుగు అణగువరకు వ్రేలు తీయకుడు.